కల్లం మీద మబ్బు, తెర మీద ఒత్తు



మే నెల రాగానే గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. కాలేజీలకూ అటూ ఇటుగా అప్పుడే. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి వైపు పిల్లలు హాస్టళ్లు ఖాళీ చేసి, లాప్‌టాప్ సంచీలతో ఊళ్లకు చేరతారు. అప్పటికి మిరప కోతలు అయిపోయి, పత్తి కట్టె పీకేసి, పొలాలు ఖాళీగా ఉంటాయి. పగలు బయట అడుగు పెట్టలేని ఎండ. ఆ మధ్యాహ్నాల్లో ఫోను పట్టుకుని ఆటలు ఆడేవాళ్లు చాలామందే. కొందరు మాత్రం ఆడటంతో ఆగక, ఆటలు తయారు చేద్దామని కూర్చుంటున్నారు. వాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే: ఏ ఇంజన్ మంచిది? నా పాత లాప్‌టాప్ మోస్తుందా? తెలుగు అక్షరాలు ఎందుకు విరిగిపోతున్నాయి? డబ్బులు వస్తాయా? ఇక ఇంట్లోవాళ్లది ఒకటే ప్రశ్న: "చదువుకోమని లాప్‌టాప్ కొనిస్తే ఆటలేంట్రా?"

ముందు ఇంట్లోవాళ్ల సంగతి చూద్దాం. ఫోనులో ఆట అనగానే మన పల్లెల్లో పెద్దవాళ్లకు గుర్తొచ్చేది రమ్మీ, బెట్టింగు, వాటి వెనక అప్పులు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. కానీ ఆట తయారు చేయడానికీ, పందెం కాయడానికీ ఏ సంబంధమూ లేదు. అమ్మానాన్నలకు గుర్తు ఒకటి చెబుతాను. పిల్లవాడు ఆట ఆడుతున్నాడో, తయారు చేస్తున్నాడో తెర వంక చూస్తే తెలిసిపోతుంది. తయారు చేసేవాడి తెర మీద రంగుల బొమ్మల కంటే ఎర్ర అక్షరాల్లో తప్పుల జాబితాయే ఎక్కువసేపు ఉంటుంది. మొహంలో సంతోషం కూడా తక్కువే ఉంటుంది లెండి.

ఇప్పుడు ఇంజన్ సంగతి. తెర మీద బొమ్మ గీయడం, రెండు వస్తువులు ఢీకొన్నాయని పసిగట్టడం, వేలు ఎక్కడ తాకిందో తెలుసుకోవడం, చప్పుడు వినిపించడం, ఇవి ఏ ఆటకైనా కావాలి. ప్రతిసారీ వీటిని మొదటి నుంచి రాసుకోకుండా సిద్ధంగా ఉంచిన సాఫ్ట్‌వేరే గేమ్ ఇంజన్. వీటిలో నేను ఈరోజు మాట్లాడేది గోడో గురించి. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియల్ మంజూర్ అనే ఇద్దరు మొదలుపెట్టి, 2014లో దాని సోర్స్ కోడ్ మొత్తం బయటపెట్టారు. బెకెట్ అనే రచయిత నాటకంలో ఎంత ఎదురుచూసినా రాని మనిషి పేరు దానికి పెట్టుకున్నారు. ఇప్పుడు నడుస్తున్న నాలుగో తరం 2023 మార్చిలో వచ్చింది.

దాని లైసెన్సు ఎమ్‌ఐటీ లైసెన్సు. అంటే, మీరు చేసిన ఆట పూర్తిగా మీది. అమ్ముకోవచ్చు, ఊరికే ఇవ్వచ్చు. ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేదు. ఆటలో ఓ మూల ఆ లైసెన్సు పాఠం పెడితే చాలు. ఇందులో ఏముంది అనుకుంటారేమో. 2023 సెప్టెంబరులో యూనిటీ అనే పేరున్న ఇంజన్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఒక స్థాయి దాటిన ఆటలకు, ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతిసారీ రుసుము కట్టాలని. ప్రపంచమంతటా ఆటలు చేసేవాళ్లు గగ్గోలు పెట్టారు. ఏడాదికి ఆ రుసుమును కంపెనీ వెనక్కి తీసుకుంది, నిజమే. కానీ నడిమధ్యలో షరతులు మార్చవచ్చన్న సంగతి అందరికీ అర్థమైపోయింది. కౌలు కాగితం లేకుండా సేద్యం చేసే మన ప్రాంతం రైతుకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

లాప్‌టాప్ ప్రశ్నకు జవాబు చిన్నది. గోడోను ఇన్‌స్టాల్ కూడా చేయనక్కర్లేదు. దింపుకుని, విప్పి, నొక్కితే తెరుచుకునే ఒకే ఫైలు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు ఏ రకం రెండరర్, అంటే తెర మీద బొమ్మ గీసే పద్ధతి, కావాలని అడుగుతుంది, మూడు పేర్లు చూపిస్తుంది. పాత లాప్‌టాప్ అయితే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, కళ్లు మూసుకుని "కంపాటిబిలిటీ" అన్నది ఎంచుకోండి. "నాకు తెరవగానే నల్ల తెర వస్తోందండీ" అనేవాళ్లలో చాలామందికి మందు ఇదే. లాప్‌టాప్ లేనివాళ్ల కోసం ఆండ్రాయిడ్ ఫోనులోనే నడిచే ఎడిటర్ కూడా ఉంది గానీ, చిన్న తెర మీద కోడ్ రాయడం కళ్లకు శిక్ష. టాబ్లెట్ ఉంటే ప్రయత్నించండి.

ఇక అసలు సంగతికి వద్దాం. ఏ ఆట చేయాలి? అడిగితే, పది మందిలో ఎనిమిది మంది చెప్పేది ఒకటే: వంద మంది ఒకేసారి ఆడే తుపాకుల ఆట. వద్దు. మొదటి ఆట ఒకే తెరలో, ఒకే వేలితో, ఒక నిమిషంలో అయిపోవాలి. దాని నియమాలు మీ నాయనమ్మకు కూడా ముందే తెలిసి ఉండాలి. అప్పుడు ఎక్కడ చిక్కు వచ్చినా, ఆటలో తప్పుందా, కోడ్‌లో తప్పుందా అన్న అనుమానం రాదు.

ఒకటి చేసి చూపిస్తాను. రేడియోలో తెర చూపించలేను గనక మీరే ఊహించుకోండి. మార్చి నెల, కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉంది. అయిదు రాశులు. ఎడమవైపు నుంచి నల్లమబ్బు వస్తోంది. మీ దగ్గర టార్పాలిన్ పట్టలు మూడే ఉన్నాయి. మబ్బు ఏ రాశి మీదికి వస్తే దాని మీద చుక్కలు పడతాయి. మీరు వేలితో పట్టను లాగి రాశి మీద కప్పాలి. మబ్బు దాటిపోగానే ఆ పట్టను తీసి ముందున్న రాశికి వేయాలి. తడిసిన కాయ రంగు మారుతుంది, ధర పడిపోతుంది. చివర్లో ఎన్ని టిక్కీల ఎర్రకాయ మిగిలిందో అదే మీ స్కోరు. అర్ధరాత్రి ఉరుము వినబడగానే కల్లానికి పరుగెత్తిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ ఆట ఎలా ఆడాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.

దీన్ని గోడోలో ఎలా కడతామంటే, ముందు ఒక్క రాశి చేస్తాం. అందులో ఓ బొమ్మ, అది ఎంత మేర పరుచుకుందో చెప్పే ఓ హద్దు, ఎంత తడిసిందో గుర్తుంచుకునే ఓ అంకె. దీన్ని సీన్ అంటారు. ఒకే అచ్చులోంచి ఇటుకలు తీసినట్టు, ఆ ఒక్క సీన్ నుంచి అయిదు రాశులు తీసుకోవచ్చు. రేపు అచ్చులో రంగు మారిస్తే అయిదింటిలోనూ మారుతుంది. కొత్తవాళ్లు ఒక రాశిని చేసి, దాన్ని నాలుగుసార్లు కాపీ కొట్టి అతికిస్తారు. తర్వాత ఒక చిన్న మార్పు కోసం అయిదు చోట్లా తిరగాల్సి వస్తుంది. రాశి పూర్తిగా తడిసిపోయినప్పుడు "నేను తడిశాను" అని తనే ఓ కబురు పంపుతుంది. దాన్ని సిగ్నల్ అంటారు. స్కోరు లెక్కపెట్టేవాడు ఆ కబురు కోసం కాచుకుని ఉంటాడు. అంతేగానీ, క్షణక్షణం ప్రతి రాశి దగ్గరికీ వెళ్లి "తడిశావా, తడిశావా" అని అడుగుతూ ఉండనక్కర్లేదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన గొయ్యి ఉంది. మబ్బును నడపడానికి, ప్రతి ఫ్రేముకూ రెండు పిక్సెళ్లు జరగమని రాస్తారు. తెర వెడల్పు 1200 పిక్సెళ్లు అనుకోండి. సెకనుకు 60 ఫ్రేములు గీసే ఫోనులో మబ్బు సెకనుకు 120 పిక్సెళ్లు నడిచి, 10 సెకన్లలో తెర దాటుతుంది. మీ మేనమామ కొత్తగా కొన్న 120 ఫ్రేముల ఫోనులో అదే మబ్బు 5 సెకన్లలో దాటేస్తుంది. ఖరీదైన ఫోను ఉన్న రైతు ముందు తడుస్తాడన్నమాట. దీనికి విరుగుడు డెల్టా. కిందటి ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య ఎంత సమయం గడిచిందో గోడో ఆ పేరుతో మీ చేతికిస్తుంది. వేగాన్ని సెకనుకు 120 అని రాసి, డెల్టాతో గుణించండి. అన్ని ఫోన్లలోనూ 10 సెకన్లే. ఇది ఒక్కటి మొదటిరోజే అలవాటైతే, "మా వాడి ఫోనులో స్పీడుగా పోతోంది" అనే ఫిర్యాదు మళ్లీ వినబడదు.

ఇంకో గొయ్యి. "లాప్‌టాప్‌లో బాగా ఆడింది, ఫోనులోకి పంపితే మిరపకాయ బొమ్మ మాయమైంది" అంటారు. బొమ్మ ఫైలు పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరంతో పెట్టి, కోడ్‌లో చిన్న అక్షరంతో రాసి ఉంటారు. విండోస్ ఆ తేడా పట్టించుకోదు. ఆటను ప్యాక్ చేసి ఆండ్రాయిడ్‌కు పంపాక మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. అన్ని ఫైళ్ల పేర్లూ చిన్న అక్షరాల్లోనే పెట్టండి, ఖాళీలు వదలకండి. పైసా ఖర్చులేని జాగ్రత్త ఇది.

కరెంటు కోతల సంగతి చెప్పనక్కర్లేదు. చేసిన పని పోకుండా, మార్పులను ఎప్పటికప్పుడు దాచిపెట్టే గిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. గోడో సీన్లన్నీ మామూలు పాఠ్యం రూపంలోనే దాచుకుంటుంది గనక, నిన్నటికీ ఈరోజుకూ ఏం మారిందో గిట్ వరుసవారీగా చూపిస్తుంది. చెడిపోతే నిన్నటి రూపానికి వెళ్లిపోవచ్చు.

కల్లం ఆట సగంలో ఉండగానే మనసు పరుగులు తీస్తుంది. 2021లో మిరప తోటల్ని ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగును పెడదామని, కోల్డ్ స్టోరేజీ పెడదామని, యార్డులో వేలంపాట పెడదామని. మంచి ఆలోచనలే. ఓ కాగితం మీద రాసి గోడకు అతికించి, ముందు మబ్బు ఆట పూర్తి చేయండి. పూర్తి అంటే, మొదటి తెర, ఆట, ఓడిపోయినప్పుడు వచ్చే తెర, మళ్లీ ఆడే మీట. ఈ నాలుగూ ఉన్న చిన్న ఆట, సగంలో వదిలేసిన పెద్ద ఆటకంటే వెయ్యి రెట్లు నయం.

రెండో ఆటకు నా సలహా పులి-మేక. గుడి మండపాల రాళ్ల మీద, అరుగుల మీద గీసి ఉండే ఆ త్రికోణం మీరు చూసే ఉంటారు. కొసన ఒక బిందువు, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు, మొత్తం 23. పులులు మూడు, మేకలు పదిహేను. ఊరూరికీ కొంచెం తేడా ఉంటుంది, మీ ఊరి పద్ధతే వాడండి. దీనికి బొమ్మలు గీయడం రాకపోయినా ఫరవాలేదు, గుండ్రాలు చాలు. కంప్యూటర్ తెరవకముందే నోటుబుక్కులో రెండు పట్టికలు రాసుకోండి. మొదటిది, ప్రతి బిందువుకూ ఆనుకుని ఉన్న బిందువులేవి. రెండోది, పులి ఎక్కడి నుంచి, ఏ మేక మీదుగా, ఎక్కడికి దూకవచ్చు. ఒకే గీత మీద వరసగా ఉన్న మూడు బిందువులే దూకుడు. ఈ పట్టికలు సరిగ్గా ఉంటే ఆటలో ముప్పాతిక పని అయిపోయినట్టే. పులి ఇరుక్కుందా అన్నది కూడా పట్టికే చెబుతుంది: పక్క బిందువేదీ ఖాళీ లేదు, దూకడానికీ వీల్లేదు. మూడు పులులకూ అంతే అయితే మేకలు గెలిచినట్టు.

కంప్యూటర్‌తో పులిని ఆడించడానికి కృత్రిమ మేధ అంటూ కంగారు పడకండి. మేకను తినే వీలుంటే తిను. లేకపోతే చుట్టూ ఎక్కువ ఖాళీలున్న చోటికి జరుగు. ఈ రెండు సూత్రాలతో మీ తమ్ముణ్ణి ఓడించే పులి తయారవుతుంది. మీ తాతయ్యను ఓడించే పులికి మాత్రం ఇంకా చాలా రాయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. తెలుగు.

గోడో మూడో తరంలో తెలుగు రాస్తే చూడబుద్ధయ్యేది కాదు. మిర్చి అని రాస్తే, ర పొల్లు, పక్కన చి అని విడివిడిగా వచ్చేది. ఒత్తు కింద పడేది కాదు. ఎందుకంటే, ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో హల్లు, పొల్లు, హల్లు కలిసి కొత్త రూపం తాల్చాలి. ఆ పని తెలిసిన హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీని నాలుగో తరంలో కలిపారు. మీ ఆండ్రాయిడ్ ఫోనులో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగును సరిగ్గా కూర్చేది కూడా అదే. కనుక తెలుగు ఆట చేయాలంటే పాత పాఠాలు చూసి మూడో తరం వాడకండి, నాలుగే వాడండి.

అయినా చిక్కులు అన్నీ తీరలేదు. గోడోతో వచ్చే మామూలు ఫాంటులో తెలుగు లేదు. లాప్‌టాప్‌లో ఆడినప్పుడు విండోస్ దగ్గరున్న తెలుగు ఫాంటును అరువు తెచ్చుకుని చూపిస్తుంది. మీరు సంతోషిస్తారు. అదే ఆటను వెబ్‌లో పెట్టగానే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి, అక్కడ అరువు దొరకదు గనక. ఆటలోనే తెలుగు ఫాంటు పెట్టేయండి. అమెరికాలోని మనవాళ్ల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సురవరం, గురజాడ లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరు పెద్దగా కనబడాల్సిన చోట రామభద్ర, చదవాల్సిన చోట మండలి బాగుంటాయని నా అభిప్రాయం. మీటల ఎత్తు ఇంగ్లీషు మాటతో కొలవకండి, కింది ఒత్తులు తెగిపోతాయి. "రాష్ట్రం", "స్వాతంత్ర్యం", "లక్ష్మి" పెట్టి చూడండి. అవి పట్టిన మీటలో ఏదైనా పడుతుంది.

మాటల ఆటలు చేసేవాళ్లకు ఇంకో తిరకాసు. గుంటూరు అన్న మాటలో అక్షరాలెన్ని అని బడిపిల్లవాణ్ణి అడిగితే మూడు అంటాడు: గుం, టూ, రు. గోడోను అడిగితే ఏడు అంటుంది. గ, కొమ్ము, సున్న, ట, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. మిర్చి మనకు రెండు, దానికి ఆరు. మీరు గళ్లనుడికట్టు చేసి, పొడవు ఎంతని గోడోను అడిగితే, గుంటూరుకు ఏడు గళ్లు గీసి కూర్చుంటుంది. అక్షరాలుగా విడగొట్టే సదుపాయం దాని టెక్స్ట్ సర్వర్‌లో ఉంది గానీ, ఒత్తుల దగ్గర అది మనలాగే విడగొడుతోందో లేదో మీరే పరీక్షించుకోండి. నాకైతే, మాటల పట్టికలో ప్రతి మాటనూ ముందే అక్షరాలుగా విడగొట్టి రాసిపెట్టుకోవడమే సులువనిపిస్తుంది. అలాగే, కథ చెప్పే ఆటల్లో మాటలు ఒక్కొక్క అక్షరంగా తెర మీదికి వచ్చే ఏర్పాటు ఉంటుంది చూశారూ, అందులో మిర్చి రావాలంటే ముందు "మ", తర్వాత "మి", తర్వాత "మిర", ఆపైన పొల్లు, చివరికి ఒత్తు. అక్షరం మన కళ్లముందే వేషాలు మారుస్తుంది. దీనికి లేబుల్ సెట్టింగుల్లోనే మందుంది. కనబడే అక్షరాలను కూర్పు అయ్యాక లెక్కపెట్టమని ఎంచుకోండి.

డబ్బుల మాట. గోడోతో చేసిన బ్రొటాటో, డోమ్ కీపర్ లాంటి ఆటలు ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. చేసినవి చిన్న బృందాలే. కానీ సరదాగా చేసేవాళ్లలో ఎక్కువమందికి ఆట మీద పైసా రాదు. వస్తుందని నమ్మి చదువు మానేయకండి. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతాలకు కనీసం 12 మంది చేత 14 రోజులపాటు ఆడించి చూపాలన్న నియమం కూడా ఉంది. ఆ పన్నెండు మందిని పోగుచేయడమే ఆట చేయడం కంటే కష్టమనేవాళ్లున్నారు. మొదటి ఆటకు అదంతా అనవసరం. ఇచ్.ఐఓ అనే చోట ఉచితంగా పెట్టి, లింకు వాట్సాప్‌లో పంపండి. సినిమా పాట, హీరో బొమ్మ మాత్రం వాడకండి. అవి మీవి కావు.

చివరగా, ప్రశ్న అడగడం గురించి. "నా ఆట పనిచేయడం లేదు, సాయం చేయండి" అంటే ఎవరూ సాయం చేయలేరు. గోడో ఏ వెర్షన్, మీరు ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఎర్ర అక్షరాల్లో వచ్చిన వాక్యం ఏమిటి, ఇవి రాయండి. మీ ప్రాజెక్టు మొత్తం పంపకుండా, ఆ తప్పు ఒక్కటే కనబడే చిన్న ప్రాజెక్టు చేసి పంపండి. సగం సార్లు అది చేస్తుండగానే జవాబు మీకే దొరుకుతుంది.

తెలుగు విషయంలో ఇది మరీ ముఖ్యం. గోడోను తీర్చిదిద్దేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. తెర మీద ఒత్తు తప్పు చోట పడితే వాళ్లకు అది కూడా అందంగానే కనబడుతుంది. ఓపెన్‌సోర్స్ అంటే మనకు ఉచితంగా దొరికేది అనే అనుకుంటున్నాం. తప్పును చెప్పి దిద్దించే హక్కు కూడా మనకుందని మరిచిపోతున్నాం. అలాంటి తప్పు మీ కంటబడితే, గోడో తెరను ఒక ఫొటో తీయండి, అదే మాటను క్రోమ్‌లో సరిగ్గా కనబడేలా తెరిచి ఇంకో ఫొటో తీయండి, రెండూ పక్కపక్కన పెట్టి వాళ్ల గిట్‌హబ్ పేజీలో ఫిర్యాదు రాయండి. ఇంగ్లీషు గొప్పగా ఉండనక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు. ఎడిటర్ మాటలను తెలుగులోకి తెచ్చే పని కూడా వెబ్‌లేట్ అనే చోట అందరికీ తెరిచే ఉంది. చేయాల్సింది ఇంకా చాలా మిగిలింది. ఈ సెలవుల్లో మీ కల్లం ఆటతో పాటు ఓ పాతిక మాటలైనా అక్కడ తెలుగు చేసి పెట్టండి.